అక్క డబ్బింగ్ చెప్పిన తాబేళ్ళ సినిమా

సీడీ ప్లేయర్ కిరాయికి తెచ్చుకునే రోజులు మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే అక్క, నేను బస్టాండు దగ్గరి సీడీల షాపుకు పోయేవాళ్ళం. ప్లేయర్ అక్క చేతుల్లో, వైర్లు నా మెడలో. మెదక్ ఎండలో నడిచి ఇల్లు చేరేసరికి ఒళ్ళంతా చెమట... అయినా ఆ సంబరమే వేరు.

అక్క ఏరి ఏరి ఒకటే కంపెనీ బొమ్మల సినిమాలు తెచ్చేది. మొదట్లో పసుపు గొడుగు ఒకటి టప్పున తెరుచుకునేది. ఆ గొడుగు కనబడితే చాలు, నేను చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేదాన్ని.

సినిమా అంతా ఇంగ్లీషు. మేమేమో తెలుగు మీడియం. అయితే ఏమైంది... డబ్బింగ్ మా అక్కే చెప్పేది! ఒక్కో బొమ్మకు ఒక్కో గొంతు పెట్టి, అచ్చం మా మెదక్ మాటల్లో. తాబేళ్ళ సినిమాలో తండ్రి తాబేలుకైతే మా నాయన దగ్గు కూడా పెట్టేది. "ఓ పిల్లగా, జర మెల్లగ నడువు, ఎటు ఉరుకుతున్నవ్" అని అక్క దగ్గుతుంటే, అమ్మ నవ్వాపుకోలేక చేతిలో గంటెతోనే వంటింట్లోంచి వచ్చేది.

ఆ తాబేళ్ళ సినిమా చివర్లో తాత తాబేలు ఇసుకలో పడుకుని తల లోపలికి తీసుకుంటాడు. తర్వాతి సీన్‌లో ఉండడు... పిల్ల తాబేళ్ళన్నీ ఏడుస్తుంటాయి.

"తాత ఏడికి పోయిండక్కా?" అని అడిగాను.

"ఏడుపాయల జాతరకు పోయిండు."

"మరి పిల్లలు ఎందుకు ఏడుస్తున్నరు?"

"వాళ్ళను తోలుకపోలేదని."

"ఎప్పుడొస్తడు?"

"తాబేలు గదనే... నడుసుకుంట రావాలె. మస్తు రోజులు పడ్తది."

నమ్మేశాను. ఆ ఏడాది జాతరకు పోయినప్పుడు మంజీర ఒడ్డున తాబేలు తాత కోసం వెతికాను కూడా. పిచ్చి మొహాన్ని!

ఇప్పుడు నాకో జిరాక్స్ షాపు. రోజంతా నిలబడే పని... ఇంటికొచ్చేసరికి కాళ్ళు నావి కావు. మొన్న ఆదివారం మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామనుకుంటే, యూకేజీ చదివే మా బిడ్డ హాసిని ఫోన్ పట్టుకొచ్చింది. తెర మీద అదే పసుపు గొడుగు! ఆ కంపెనీదే కొత్త సినిమా, ఒక ముళ్ళపందుల కుటుంబం కథ. తెలుగు లేదు. "ఏమంటున్నరమ్మా?" అని ప్రతి మాటకూ అడుగుతుంటే, ఇక డబ్బింగ్ చెప్పక తప్పలేదు.

ఉన్నమాట చెప్తాను... సినిమా సగం నచ్చింది, సగం విసుగొచ్చింది. దగ్గరికి తీసుకుంటే ముళ్ళు గుచ్చుకుంటాయని ఆ ఇంట్లో అందరూ ఒంటికి దిండ్లు కట్టుకుని కౌగిలించుకుంటారు. ఆ సీన్‌కు ఇద్దరం పడీ పడీ నవ్వాం. కానీ తర్వాత ఏమిటండీ అది? ఏళ్ళ తరబడి మాటల్లేని అక్కాచెల్లెళ్ళు ఒక్క పాట పాడి కలిసిపోయారు! ఒంటి మీద వెంట్రుక వెంట్రుకా కనిపించేంత బాగా గీశారు గానీ, ఆ గొడుగు కంపెనీయేనా ఇది అనిపించింది. పాటతో అయిపోయేదైతే నేనూ పాడేదాన్ని.

ఎందుకంటే మా అక్కతో నాకు మాటల్లేక రెండేళ్ళు.

అక్క శివ్వంపేటలో ఉంటుంది. అమ్మకు చివర్లో బాగాలేనప్పుడు అక్క దగ్గరే ఉంది. నేను ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాను. రోజూ ఫోన్ చేస్తే ఒకటే మాట... "అమ్మ మంచిగనే ఉన్నది, నువ్వు పరేషాన్ గాకు." నమ్మాను. నేను పోయేసరికి అంతా అయిపోయింది. "నా తల్లి ముఖం నాకు సూపియ్యకుంట చేసినవ్" అని అందరి ముందూ అరిచాను. ఆ రోజు నుంచి ఫోన్లు బంద్.

సినిమా చివర్లో ముళ్ళపంది నానమ్మ కుర్చీలో కళ్ళు మూసుకుంటుంది. ముళ్ళన్నీ మెల్లగా వాలిపోతాయి... హాసిని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కింది పెదవి వణుకుతోంది.

"నానమ్మకు ఏమైందమ్మా?"

"ఏంగాలే బిడ్డా... రేపు జాతరకు పోవాలె గదా, జెల్ది పండుకున్నది."

అనేశాక గుర్తొచ్చింది, అది అక్క మాటే. అబద్ధం చెప్పాలని అనుకోలేదు. ఆ చిన్న ముఖం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలేదు, అంతే. మంచంలోంచి నీరసంగా మాట్లాడే నా గొంతు విన్నప్పుడల్లా అక్కకూ ఇలాగే అయి ఉంటుంది కదా...

కోపం పోయిందా అంటే, పోలేదు. అమ్మను చివరిసారి చూడలేదన్న బాధ నేనున్నన్ని రోజులూ ఉంటుంది. కానీ రెండేళ్ళు ఆ కోపాన్ని మోసి మోసి నాకు ఓపిక అయిపోయింది. హాసిని నీళ్ళు తాగడానికి లేచినప్పుడు అక్కకు ఫోన్ కలిపాను. రెండు రింగులకే ఎత్తింది.

"అక్కా... ఆ తాబేలు తాత సచ్చిపోయిండు గదా?"

అటువైపు ముక్కు చీదిన చప్పుడు.

"ఎవరు చెప్పిన్రే నీకు?" అంది అక్క. "తొవ్వల ఉన్నడు. నడుస్తనే ఉన్నడు."

ఆ ముళ్ళపందుల సినిమాకు వచ్చే నెల తెలుగు కూడా వస్తుందట. రానివ్వండి, మంచిదే... అందులో మాత్రం నానమ్మ జాతరకు పోదు.

మీ చిన్నప్పుడు మీరు ఏడుస్తారని కథ మార్చి చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ముందు వాళ్ళకు ఒక ఫోన్ చేయండి... తర్వాత తీరిగ్గా వచ్చి ఇక్కడ రాయండి.