అమీన్‌పూర్ రోడ్డులో ఆగిన బండ్లు

పటాన్‌చెరు దాటి అమీన్‌పూర్ రోడ్డెక్కిన కాసేపటికి బండి ఆగింది. కరెంటు బండికి మొదటినుంచీ చప్పుడు లేదు, ఆగినప్పుడూ లేదు. ముందున్న లైటు ఎర్రబడి ఆరిపోయింది. యాదగిరి కాలు కింద పెట్టి, వెనక కూర్చున్న నాతో "అయిపోయింది సార్" అన్నాడు. టైము తెల్లవారుజాము ఐదూ ఇరవై అయిదు. ఆరింటికల్లా అతను కిష్టారెడ్డిపేట దగ్గరి ఫ్యాక్టరీ గేటు దాటాలి. ఆ నెలలో పాత బండి వల్ల రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే కాంట్రాక్టరు పేరు కొట్టేస్తాడు.

ఇది 2008 చలికాలం మాట. కరెంటు బండ్లు అప్పుడప్పుడే ఆ వైపు వస్తున్నాయి. తెల్లవారుజామున అవి దారిలో ఆగిపోతున్నాయనీ, కాసేపటికి వాటంతట అవే లేస్తున్నాయనీ విని, చూద్దామని బయల్దేరాను. ముందురోజు మధ్యాహ్నం రెండింటికి మెహదీపట్నంలో సంగారెడ్డి బస్సెక్కితే, పక్కసీటు టీచరమ్మ సంగతి విని నవ్వలేదు. "మొన్న చర్చి నుంచి వస్తున్న. మంచుల పక్కకొచ్చి నిలబడేదాక బండి ఉన్నట్టే తెల్వలే. పానం పోయినంత పనైంది" అంది.

నాలుగింటికి సంగారెడ్డి షోరూములో యాదగిరి కలిశాడు. నలభై దాటిన మనిషి. పాత బండి ఇచ్చేసి కొత్త మోడల్ తీసుకుంటున్నాడు. "పాతదాంట్ల మూడు బ్యాటరీలు, దీంట్ల నాలుగు. ఇగ చలి ఏం జేస్తదే కాకా?" అన్నాడు షోరూము మనిషి. రేపు నీ వెనక కూర్చుని రావచ్చా అని యాదగిరిని అడిగాను. "రాండ్రి సార్. ఆ తొవ్వల ఒక్కనికి మంచిగనిపియ్యది" అన్నాడు.

సాయంత్రం ఏడింటికి ఇస్నాపూర్‌లో అతని కిరాయి గదికి వెళ్లాను. మంచం మీద ఎవరో తలదాకా గొంగడి కప్పుకుని పడుకున్నారు. నేను గొంతు తగ్గించాను.

"మాట్లాడుండ్రి సార్, అది లేవది" అని యాదగిరి గొంగడి తీశాడు. బ్యాటరీ పెట్టె. గోడ ప్లగ్గు నుంచి వైరు దాంట్లోకి వెళ్తోంది. చెయ్యి పెడితే జ్వరమొచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. ఆ మంచం ఇద్దరిది. రాత్రి షిఫ్టుకు వెళ్లే బిహారీ పగలు పడుకుంటాడు. రాత్రి వంతు యాదగిరిది. చలి మొదలైనప్పటి నుంచి తన వంతు బ్యాటరీకిచ్చి అతను చాప మీద పడుకుంటున్నాడు. "మనకు చలిపెడితే ముడుసుకుంటం. దానికెట్ల?" అన్నాడు.

సంగారెడ్డి లాడ్జీలో రెండో దుప్పటి అడిగితేనే ఇస్తారు, అడగండి. నాలుగూ ఇరవై బస్సుకు ఇస్నాపూర్ చేరి, టీ తాగి, ఐదూ అయిదుకు కొత్త బండెక్కాం.

ఆగిన చోట నాలుగడుగుల అవతల ఏమీ కనపడలేదు. మందుల ఫ్యాక్టరీల ఘాటు వాసన మాత్రం వస్తోంది. కళ్లు అలవాటు పడ్డాక, రోడ్డు పక్క మనుషులు నిలబడి ఉన్నారని తెలిసింది. నలుగురు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో బండి. మాటల్లేవు, కదలికల్లేవు. అందరి చేతులూ సీట్ల మీదున్నాయి.

"ఎవరు వీళ్లు?"

"నా లెక్కనే. ఊకె తాళం తిప్పితే మల్ల సస్తది. తాళం ముట్టకుండ నిలబడాలె సార్."

మంచులోంచి ఒక గొంతు, "కొత్త బండి గదనే యాదగిరి? గిది గూడ మా సంఘంల చేరిందా?" అంది. కాసేపటికి ఆ గొంతున్న చోటు ఖాళీగా ఉంది. వెళ్లిన చప్పుడు నాకు వినపడలేదు.

ఐదూ నలభైకి యాదగిరి తాళం తిప్పాడు. పడిపోయిన ఛార్జి ముల్లు మెల్లగా లేచి నిండుగా చూపించింది. నేను నడిచి వస్తాను, నువ్వెళ్లు అన్నాను. రెండు క్షణాల్లో మంచు అతన్ని కప్పేసింది.

అరగంట నడిచాక రోడ్డు వారగా ఆ బండి కనిపించింది. స్టాండు వేసి ఉంది, తాళం దానికే ఉంది, మనిషి లేడు. చుట్టూ పిలిచాను. తాళం తిప్పితే ముల్లు మళ్లీ నిండుగా లేచింది.

ఫ్యాక్టరీ ఇంకో కిలోమీటరుంది. దాన్ని నమ్మి ఎక్కలేక బండి తోసుకుంటూ వెళ్తే యాదగిరి గేటు బయట కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసింది. "మల్ల ఆగింది. కొద్దిసేపు చూసి ఉరికొచ్చిన సార్. నాలుగు నిమిషాలు దాటింది" అన్నాడు. గేటు పాసు వాచ్‌మన్ తీసేసుకున్నాడు.

కొత్త బండీ ఎందుకాగిందని పదిన్నరకు సంగారెడ్డి షోరూములో అడిగాను. "ఇద్దరెక్కిన్రు గద సార్. ఒక్కడే అయితే పోతుండె" అన్నాడు ఆ మనిషి. మంచులో నిలబడ్డ నలుగురూ ఒక్కొక్కరే వచ్చారని చెప్పాను. "అవన్ని పాత మోడళ్లు" అన్నాడు.

పన్నెండింటి బస్సుకు తిరిగొచ్చాను. చాలా ఊళ్లు తిరిగాను గానీ, రోడ్డు మీద అంత నిశ్శబ్దం ఇంకెక్కడా వినలేదు. ఆ బండిని చలి ఆపిందో, నా బరువు ఆపిందో తేలలేదు. తేలాలంటే యాదగిరి మర్నాడు అదే టైముకు ఒక్కడే ఆ దారిలో వెళ్లి చూడాలి. ఆ దారిన వెళ్లే పని అతనికి లేకుండా పోయింది.