ట్యాంకు కొండ కిందికి వచ్చిందా?

నా చిన్నప్పుడు మా దీవిలోని రంగత్ కొండలు నాకు అంచుల్లేని పచ్చటి మరకలు. అందరికీ అలాగే కనబడతాయనుకునేదాన్ని. కాదని నాలుగో తరగతిలో తెలిసింది. అయినా ఎవరికీ చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకున్న పిల్లనొకదాన్ని క్లాసంతా "ఏ చష్మిష్!" అని ఏడిపించేది. నేను బోర్డు వంక చూడకుండా పక్కపిల్ల నోటుబుక్కు చూసి రాసుకునేదాన్ని.

మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన జాలరి. వల వేసే చోటుకు ఆయనకు రెండు గుర్తులు: ఒడ్డున తెల్లటి నీళ్ల ట్యాంకు, దాని వెనక కొండ. డింగీ పడవలోంచి చూస్తే ట్యాంకు సరిగ్గా కొండ కొన కిందికి వచ్చిన చోట అడుగున ఇసుక. కాస్త జరిగితే పగడపు రాళ్లు. ఆ ఏడాది ఆదివారాలు నన్ను తోడు రమ్మనేవాడు. నాకెంతో గర్వంగా ఉండేది.

ఒక పొద్దున, "ట్యాంకు కొండ కిందికొచ్చిందేటే అమ్మీ?" అని అడిగాడు. నాకు ట్యాంకే కనబడలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది, ఊరికే అడుగుతున్నాడు అనుకుని, "వొచ్చీసింది తాతా" అన్నాను.

అక్కడే వేసిన వల రాళ్లకు చిక్కుకుంది. లాగినకొద్దీ చిరిగింది. వానాకాలమంతా కూర్చుని మామ్మ అల్లిన వల, సగమే పైకి వచ్చింది.

తిడతాడనుకున్నాను. చిరుగుల్ని వేళ్లతో ఒక్కొక్కటిగా తడిమాడు.

"నిజం సెప్పు. ట్యాంకు అగుపడిందా నీకు?"

"నేదు తాతా."

"నాకూ నేదే. ఏడాదయింది. సెప్తే పడవెక్కనివ్వరని నీ కళ్లు ఎరువు తెచ్చుకున్నాను. బాగుంది మన జత!"

ఇంటికెళ్లాక తన సంగతి ముందు తానే చెప్పేశాడు. ఆ తర్వాత నాది చెప్పడం కష్టం కాలేదు.

పోర్ట్ బ్లెయిర్‌లో కళ్ల డాక్టరమ్మ ఇద్దర్నీ చూసింది. నాకు దగ్గరివే కనబడతాయనీ, జోడు పెడితే దూరానివీ కనబడతాయనీ చెప్పింది. ఎదిగే వయసు కనుక నంబరు మారుతుంది, ఏటా చూపించాలి. పుస్తకం ముక్కుకు ఆనించి చదవకూడదు, రోజూ కాసేపు ఆరుబయట ఆడుకోవాలి. తాతయ్యకు మాత్రం కంటి నరం దెబ్బతిందనీ, పోయిన చూపు ఇక రాదనీ అంది.

జోడు పెట్టుకున్న రోజు కొండమీద చెట్లు విడివిడిగా కనబడ్డాయి. ఆ రోజే తాతయ్య డింగీని చిన్నాన్నకు అప్పగించాడు. ఒడ్డున కూర్చుని, నా జోడును వేళ్లతో తడిమి, "ఇప్పుడు సెప్పు, ట్యాంకు యాడుంది?" అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని అటు చూపించాను. చాలాసేపు ఆయన ఆ చెయ్యి దించలేదు.

తాతయ్య ఇప్పుడు లేడు. ఏటా కళ్ల పరీక్షలో కింది వరుస అక్షరాలు చెదిరిపోయినప్పుడు, సిగ్గుతో ఏదో ఒకటి ఊహించి చెప్పేయాలనిపిస్తుంది. అంతలో చిరిగిన తడి వల చేతికి తగిలినట్టవుతుంది.

"కనబడటం లేదు" అంటాను.