చేపగుడ్డులో గుండె

గణపవరం నుంచి ఏలూరు వెళ్లే బస్సులో ఓ అమ్మాయి నా పక్కన కూర్చుంది. అప్పుడు నాకు ఏడో నెల. దాహమేసి సీసా మూత తీశాను.

“ఎక్కడి నీళ్లండీ అవి?” అంది నా పొట్ట వైపు చూసి, కంగారుగా.

“మా కాలువవేనండీ. కాచి వడగట్టాను” అన్నాను.

“కాచినా పురుగుమందులు పోవండీ. మా ల్యాబులో ఇలాంటి నీళ్లలోనే జీబ్రా చేపల గుడ్లు ఉంచి చూస్తాం. ఆ గుడ్డు అద్దంలా ఉంటుంది, లోపల పిల్ల గుండె కొట్టుకోవడం పైకే కనిపిస్తుంది. మీ వైపు నీళ్లలో అది తడబడిందండీ.”

నా చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది. “మరి నా బిడ్డకి?”

“చేపకైంది మనిషికీ అవుతుందని చెప్పలేనండీ. కాదనీ చెప్పలేను.” తన సీసా నా చేతిలో పెట్టింది.

మా కాలువ నీళ్లు ముట్టకుండా, కాన్పయ్యేదాకా ఏలూరులో అక్క ఇంట్లోనే ఉండిపోయాను. పాప పుట్టగానే అందరూ రంగు చూశారు, ముక్కు చూశారు. నేను దాని గుండె మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాను.