కాపీ తీశానన్న మాట

ఈ ఉదయం వర్క్‌షాపు తలుపు తీయగానే కాలిన సీసం, స్పిరిట్ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. గల్ఫులోని ఈ ముసఫ్ఫా పారిశ్రామికవాడలో ఇలాంటి షెడ్డు ఏది తెరిచినా వచ్చే వాసనే. నాకు మాత్రం ముందు నర్సన్న గుర్తొస్తాడు, ఆ తర్వాతే పని.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన నర్సన్న అప్పట్లో మా సీనియర్ టెక్నీషియన్. రేవుకు వచ్చే విహార నౌకల్లో జూదమాడే స్లాట్ మెషిన్లు ఉంటాయి. వాటి బోర్డులు చెడితే మా దగ్గరికి పంపేవారు. కరోనా ఏడాది ఓడలు నెలల తరబడి కదలలేదు. బోర్డుల మీది చిన్న బ్యాటరీలు అయిపోయి, మెమరీ చిప్పుల్లోని సెట్టింగులన్నీ కలగాపులగమయ్యాయి. ఓడలు మళ్లీ కదిలే వేళకు బోర్డులు గుట్టలుగా వచ్చిపడ్డాయి.

కాకినాడలో డిప్లొమా చేసివచ్చిన నాకు, చిప్పులో ఉన్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెడితే చాలునని ధీమా. నర్సన్న ఒప్పుకునేవాడు కాదు. ముందు చిప్పు ఊడదీసి, రీడరులో పెట్టి, ఉన్నది ఉన్నట్టు కంప్యూటరులోకి కాపీ తీయాలి. అందులో బాగున్న ముక్కలు ఏరి, తుడిచిన చిప్పులోకి మళ్లీ ఎక్కించాలి.

"చెడ్డది సగమే తమ్మి. మిగిలిన సగం మంచిగనే ఉంటది. తుడిస్తే అదిగూడ పోతది," అనేవాడు.

పదో తరగతి దాటని మనిషి నాకు పాఠం చెప్పడమేమిటని లోలోపల ఉడుక్కునేవాణ్ణి. ఆయనేమో తెర మీది అంకెల వరుసల్లో ఎక్కడ చెడిందో వేలు పెట్టి చూపించేవాడు.

ఒకరోజు ఒక వరుస మెషిన్లన్నిటినీ నడిపే బోర్డు వచ్చింది. ఓడ సాయంత్రమే బయలుదేరుతుంది. మా ముదీర్, అంటే మేనేజరు, పొద్దుటి నుంచీ యల్లా యల్లా అని తొందరపెడుతూ వెంటబడ్డాడు. నేను కాపీ తీస్తుంటే రీడరు సగంలో ఆగిపోయింది. రెండోసారీ అంతే. నా చేతకానితనం బయటపడుతుందని సిగ్గేసింది.

"కాపీ తీసినవా తమ్మి?" పక్క బల్ల నుంచి నర్సన్న అడిగాడు.

"తీశానన్నా."

ఆయన చిప్పు అందుకుని తుడిచేశాడు. పది సెకన్ల పని. ఆ పది సెకన్లూ నేను చూస్తూ నిలబడ్డాను.

సగంలో ఆగిన ఫైలు తెర మీద కనబడ్డాక నర్సన్న నా వైపు ఒక్కసారి చూశాడు. ఓడ ఆ బోర్డు లేకుండానే వెళ్లిపోయింది. ఆ ఓడలవాళ్లు ఇక మాకు పని ఇచ్చేది లేదన్నారు. చిప్పు తుడిచిందెవరని ముదీర్ హిందీలో విరుచుకుపడ్డాడు. తానేనన్నాడు నర్సన్న. అది నిజమే. మిగతా నిజం నా నోట్లో ఉంది, అక్కడే ఉండిపోయింది. వారం తిరక్కుండా ఆయన వీసా రద్దు చేశారు.

ఆయన ఊరికి వెళ్లే రోజు, మేముండే క్యాంపు గేటు దగ్గర, "అన్నా, ఆరోజు..." అని మొదలుపెట్టాను. ఆయన సాగనివ్వలేదు.

"ఫైలు తెరిచి నేనే సూడాలె గదా. రేపు నువ్వుగూడ, ఎవ్వరు తీసినమన్నా నమ్మకు తమ్మి. నీ కండ్లతోని సూడు."

కోపంగా అన్నా బాగుండేది. పని నేర్పేటప్పటి గొంతుతోనే అన్నాడు.

ఇప్పుడు ఆ బల్ల నాది. నా కింద ఇద్దరు పనిచేస్తున్నారు. కాపీ తీశామని వాళ్లు చెప్పినా, ఫైలు నేనే తెరిచి చివరిదాకా చూడనిదే చిప్పు ముట్టుకోను. తమ మీద నమ్మకం లేదని చాటుగా గొణుక్కుంటారు. వాళ్లు అబద్ధం చెప్పరని నాకు తెలుసు. కాని ఆ అబద్ధం ఎంత సులువుగా నోట్లోంచి వస్తుందో కూడా నాకు తెలుసు.