దుర్బీన్ అక్క, గుడ్లగూబ పిల్లలు

మొన్న ఉప్పల్ చౌరస్తాలో, మెట్రో స్తంభం నీడన కూర్చుని ఒకామె గంపలో తునికి పండ్లు అమ్ముతోంది. మనిషి కనబడకముందే వాసన వచ్చి తగిలింది. ఎండకు మెత్తబడ్డ తియ్యదనం, దాని అడుగున కాస్త వగరు, గంపలో పరిచిన ఎండుటాకుల దుమ్ము. బస్సుల పొగలో నిలబడి ఒక పండు చిదిమి నోట్లో వేసుకున్నాను. చిన్నప్పుడు ఒక ఉగాది తర్వాత చెంగిచెర్ల గుట్టల్లో ఈ పండ్లే ఏరుకుని తిన్నాం. ఆ వారమే మా వాడలో ఒక మనిషి బతుకు బజారున పడబోయి ఆగింది.

అప్పుడు మేం నాచారంలో ఉండేవాళ్లం. నాన్న ఫ్యాక్టరీలో పనికని జనగామ వైపు నుంచి వచ్చి, వరసగా కట్టిన కిరాయి గదుల్లో ఒకదాంట్లో దిగాడు. అందరికీ ఒకటే నల్లా, ఒకటే మెట్లు, ఒకటే డాబా. ఎండలు ముదిరే ఆ రోజుల్లో హోళీ ఆడే కాముని పున్నమికి మోదుగుపూలు ఉడికించిన పసుపు రంగు మా మోచేతుల మీద ఉగాది దాకా ఉండేది. పండగ నాడు పూర్ణం పెట్టిన బచ్చాలు కాల్చే నెయ్యి వాసన గది గదికీ పాకేది. మధ్యాహ్నాలు డాబా మెట్ల కింద అష్టాచెమ్మా, సాయంత్రాలు ఖాళీ ప్లాట్లలో కర్రలతో చిర్రగోనె. నేను, పక్క గది సరిత, వెనక బర్రెల కొట్టం వాళ్ల యాదగిరి ఎప్పుడూ కలిసే తిరిగేవాళ్లం.

మా నాన్న తల్లి, మా బాపమ్మ, ఎవరినీ నమ్మేది కాదు. పాలు పోయించుకుంటే వేలు ముంచి నాకి చూసేది. గ్యాసునూనె తెస్తే మూత తీసి వాసన పట్టేది. డాబా మీద ఆరబెట్టిన వడియాలు తగ్గాయని కాకుల మీద, మా మీద, చివరికి ఎండ మీద కూడా అనుమానపడేది.

ఆ ఏడాదే పై గదిలోకి వసుంధర అనే ఆమె కిరాయికి దిగింది. ఒంటరి మనిషి. తార్నాక వైపు ఏదో ప్రయోగశాలలో ఉద్యోగం. మాట మా మాటలా లేదు, కోస్తా వైపు మాట. ఒక ఇనుప పెట్టె, ఒక చాప, మెడలో వేలాడే దుర్బీన్, అంతే సామాను. పొద్దున్నే డాబా ఎక్కి ఆ దుర్బీన్ కళ్లకు పెట్టుకునేది. ఆమె చూసేది కరెంటు తీగల మీది పాలపిట్టను. వాడ మాత్రం తమ ఇళ్లలోకి చూస్తోందనుకుంది. ఆడవాళ్లు కిటికీలకు పాత చీరలు కట్టారు. నల్లా దగ్గర ఆమె వంతు రాగానే మాటలు ఆగిపోయేవి. మేం పిల్లలం మాత్రం ఆమెకు దుర్బీన్ అక్క అని పేరు పెట్టి, వంతులేసుకుని దాంట్లోంచి చూసేవాళ్లం. అయినా మాకూ లోపల కొంచెం భయమే. పెళ్లి కాలేదు, చుట్టాలు రారు, ఆ పెట్టెలో ఏముందో తెలియదు.

ఉగాది తర్వాతి ఆదివారం మమ్మల్ని చెంగిచెర్ల గుట్టలకు పిట్టలు చూడ్డానికి తీసుకెళ్తానంది. అమ్మ వద్దంది. బాపమ్మ కాసేపు ఆలోచించి, తనూ వస్తానంది. పిట్టల మీద ప్రేమతో కాదు, ఆమెను కనిపెట్టి ఉండడానికి.

తెల్లవారకముందే బయల్దేరాం. మూటలో మిగిలిన బచ్చాలు, సర్వపిండి. మల్లాపూర్ దాటాక ఇళ్లు పలచబడ్డాయి, తర్వాత లేనే లేవు. ఎర్రమట్టి, తుమ్మ చెట్లు, ఎండిన బోదగడ్డి, ఇంటికన్నా పెద్దవైన గుండ్లు ఒకదాని మీద ఒకటి. రెండు గుట్టల మధ్య నీళ్లు లేని వాగు ఒకటి సన్నగా లోపలికి పోయింది. అందులో నడుస్తుంటే రెండు పక్కలా రాయి లేచి, మా అడుగుల చప్పుడు మాకే తిరిగొచ్చేది. తీతువు అరుస్తూ మా నెత్తి మీద తిరిగింది. పొదలోంచి కంజు పిట్టలు బుర్రున లేచాయి. దూరంగా నెమలి అరిచింది. దుర్బీన్ అక్క ప్రతిసారీ ఆగి, వేలు పెదవుల మీద పెట్టి, చూపించేది. మేం రాలిన తునికి పండ్లు ఏరుకుని తింటూ చూసేవాళ్లం. బాపమ్మ మాత్రం పిట్టను కాక అక్కనే చూసేది. అక్క వంగితే తనూ వంగింది. అక్క ఒక ఈక ఏరి చూస్తే, అది సంచిలో పడుతుందా నేల మీద పడుతుందా అని కన్నార్పలేదు.

వాగు మలుపులో, రాతి గోడ మీద గూడులాంటి అరలో, పెద్ద గుడ్లగూబ కూర్చుని ఉంది. చెవుల్లా లేచిన ఈకలు, నారింజరంగు కళ్లు. దాని పక్కన బూడిదరంగు దూది ముద్దల్లా రెండు పిల్లలు. అక్క కళ్లు తడిసి ఉన్నాయి. బాపమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, దారి పొడుగునా గొణిగింది: "గూబను జూసి ఏడ్సేటిదాన్ని నేనేడ జూడలె."

ఆ మాట ఇంటికొచ్చాక అమ్మతో అంది. అమ్మ నల్లా దగ్గర అంది. రెండు రోజులకు యాదగిరి చెల్లెలికి జ్వరం పట్టుకుంది, తగ్గలేదు. తర్వాత యాదగిరి మేకలవాళ్ల వెంట గుట్టలకు పోయి వచ్చి, రాతి అర ఖాళీగా ఉందని, గూబ పిల్లలు లేవని చెప్పాడు. వాడు ఉన్నదే చెప్పాడు. కాని ఆ సాయంత్రానికి అది వేరే కథ అయింది. పై గదామె పిల్లలను అడ్డం పెట్టుకుని గూబల జాడ తెలుసుకుంది, గూబ పిల్లలను పట్టి తెచ్చింది, పెట్టెలో పెట్టింది, యాదగిరి చెల్లెలి మీద బాణామతి, చేతబడి చేస్తోంది.

పొద్దుగూకే వేళకు యాదగిరి తల్లి బాలమణి, ఆమె వెనక వాడ సగం, మెట్ల దగ్గర చేరారు. పెట్టె తెరిపించాలన్నారు. ఒకడి చేతిలో కర్ర ఉంది. పైన తలుపు మూసే ఉంది, లోపల దీపం వెలుగుతోంది. సరిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్లు మొదటి మెట్టు ఎక్కబోతుంటే, అప్పటికే అక్కడ తమలపాకు నములుతూ కూర్చున్న బాపమ్మ లేవలేదు.

"జర ఆగున్రి," అంది. "ఆమెను నేను నమ్మ. మిమ్మల్ని గూడ నమ్మ. గూబ పిల్లలు యాడవోయినయో నా కండ్లతోటి జూసినంకనే పెట్టె సంగతి."

బాలమణి ఏడుస్తూ, నా బిడ్డ కాలిపోతుంది పెద్దమ్మా అంది. బాపమ్మ ఆమె ముఖం వైపు చూసి, గొంతు తగ్గించింది. "అయితే గీడెందుకున్నవ్? ముందు పోరిని దవాఖానకు దీస్కపో."

ముసలామెను దాటి ఎక్కే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఒక్కొక్కరే జరిగారు. బాలమణి ఆటో ఎక్కింది.

మర్నాడు బాపమ్మే ముందు నడిచింది. వెనక అక్క, నేను, సరిత, యాదగిరి. మలుపులో అర నిజంగానే ఖాళీగా ఉంది. రాతి మీద తెల్లటి రెట్టలు, ఎలుకల ఎముకలు. బాపమ్మ అక్క చేతిలోంచి దుర్బీన్ తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, దాన్నీ నమ్మక, వట్టి కళ్లతోనే వెతికింది. అప్పుడు వాగుకు అవతల, పరికి పొద కింద, టకటకమని చప్పుడైంది. వంగి చూశాం. దూది ముద్దలు రెండూ ముక్కులు కొట్టుకుంటూ, రెక్కలు విప్పి, మమ్మల్ని బెదిరిస్తున్నాయి. వాటి కళ్లలో ఉన్న అనుమానం చూస్తే అవి బాపమ్మ మనవలే అనిపించింది. ఎగరడం రాకముందే ఇవి అర దిగి పొదల్లో దాక్కుంటాయని అక్క మెల్లగా చెప్పింది.

"గీ ముచ్చట ముందుగాల ఎందుకు జెప్పలె?" అంది బాపమ్మ.

"నన్నెవరూ అడగలేదమ్మా," అంది అక్క. "పెట్టె తెరవమనే అన్నారు."

బాపమ్మ రాయి మీద కూర్చుంది. తర్వాత కొంగు ముడిలోంచి తమలపాకు తీసి, సున్నం రాసి, సగం చింపి అక్కకిచ్చింది. ఎవరికైనా ఆమె అలా ఇవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

చిన్నదానికి ఇంజక్షన్లతో జ్వరం దిగింది. వాడ ఆ సంగతి మరిచిపోయినట్టే నడుచుకుంది. ఎవరూ అక్కకు క్షమాపణ చెప్పలేదు, కిటికీల మీది చీరలు మాత్రం ఒక్కొక్కటీ దిగాయి. మరుసటి ఏడు ఉద్యోగం మారి ఆమె వెళ్లిపోయింది. బాపమ్మ సామాను ఎక్కించే దాకా నిలబడి, గదిలో ఇంకేమైనా ఉందేమోనని మళ్లీ ఎక్కి చూసి వచ్చింది. ఏమీ లేదంది. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

బాపమ్మ పోయింది. ఆ కిరాయి గదుల చోట అంతస్తుల భవనం లేచింది. సరిత పీర్జాదిగూడలో ఫ్లాట్ కొనుక్కుంది. ఈ ఉగాది తర్వాత ఒక పొద్దున ఇద్దరం ఆమె స్కూటీ మీద చెంగిచెర్ల పోయాం. తీతువు అరుపు వినబడలేదు, కంజులు లేవలేదు. వాగు ఉండాల్సిన చోట సిమెంటు రోడ్డు, దాని చివర పెద్ద గేటు, లోపల ఒకే తీరు ఇళ్లు. వాచ్‌మన్ మమ్మల్ని కిందినుంచి పైదాకా చూసి, బండి నంబరు ఫొటో తీసుకున్నాడు.

"ఎవరింటికి పోవాలె మేడమ్?"

ఎవరింటికీ కాదని, ఇక్కడ గుట్టలు ఉండేవని, చూసిపోదామని వచ్చామని సరిత చెప్పింది.

"గీడ గుట్టలెక్కడియి?" అన్నాడు, ఇంకొంచెం అనుమానంగా.

అతను ఆనుకుని నిలబడ్డ ప్రహరీ గోడంతా ఆ గుట్టల రాయే. చెప్పినా నమ్మేలా లేడని, బండి తిప్పుకున్నాం.