గురువారపు చుట్టం

మా ముత్తాత పుంగనూరు చుట్టుపక్కల ఊళ్లకు శిస్తు వసూలు చేసే ఇజారాదారు. ఆయన గుర్రం దిగితే తప్ప పంచాయితీ మొదలయ్యేది కాదని చెప్పుకునేవాళ్లు. మా తాత మునసబు. మా నాన్నా మునసబే. ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసిన తరవాత కూడా జనం ఆయనను చనిపోయేదాకా మునసబు గారనే పిలిచారు. నన్నెవరూ అలా పిలవలేదు. నేను సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాను. అయినా మా ఇంటి పద్ధతి ఒకటి నా దాకా చెడకుండా వచ్చింది. గడప లోపలికి వచ్చిన మనిషిని, ఎవరైనా సరే, నడింట్లో ఇత్తడి గొలుసులకు వేలాడే ఊయల బల్ల మీద కూర్చోబెట్టాలి. ఏదో ఒకటి తినిపించి పంపాలి. తాగిన లోటా కూడా వాళ్ల చేత ఎత్తించకూడదు. ఇంట్లోని కష్టం వాళ్ల చెవిన పడకూడదు.

ఈ పద్ధతిని నాకంటే నా భార్య బాగా నిలబెట్టింది. కుప్పం నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో పొయ్యి ఆరనివ్వలేదు. ఇప్పుడామెకు డిమెన్షియా. వంట నేనే చేస్తాను. వంట కాగానే గ్యాస్ రెగ్యులేటర్ ఊడదీసి నా పెట్టెలో పెట్టి తాళం వేస్తాను.

పగలంతా ఆమె చీరలు మూటగట్టి కుప్పం పోదామంటుంది. స్నానం చేయించబోతే పరాయి మగవాడు చేయి వేశాడని ఏడుస్తుంది, కొడుతుంది. రాత్రిళ్లు తలుపులు తడుముతూ తిరుగుతుంది. ఆమె నిద్రపోదు కాబట్టి నేనూ నిద్రపోను. మదనపల్లెలో డాక్టరు మాత్రలు రాసి, వీటితో అయ్యేది తక్కువేనని చెప్పి, ఆమెను వదిలేసి నా కళ్ల కేసి చూశాడు. ఆ ఊళ్లోనే ఒక చర్చి వెనక హాల్లో ఇలాంటి ఇళ్లవాళ్లు నెలకోసారి కలుస్తారని, పోయి చూడమని అన్నాడు.

ఒకరి దగ్గరికి పోయి కష్టం చెప్పుకోవడం మా ఇంట లేదు. అయినా పోయాను. జబ్బు మనుషులను పక్క గదిలో కూర్చోబెట్టి ఇద్దరు ఆడవాళ్లు పాటలు పాడిస్తున్నారు. మేము హాల్లో గుండ్రంగా కూర్చున్నాం. నా పక్కన గుర్రంకొండ నుంచి వచ్చిన టమాటా వ్యాపారి.

“మా యమ్మ నన్ను సూసి, మీ నాయన యాడికి పోయినాడప్పా అంటాది. నాయన పోయి పదేండ్లాయె. మొదట్లో సచ్చిపోయినాడని చెప్తాంటి. చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఏడుస్తాది. ఇప్పుడు మండీకి పోయినాడని చెప్తా. ఈ పొద్దు రేటు బాగుండాదేమో, అందుకే రాలేదు అంటాది.”

అందరూ నవ్వారు. అతనూ నవ్వి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నా వంతు వచ్చినప్పుడు, మా చుట్టాల ఇంట్లో ఇలాంటి ఇబ్బంది ఉంటే తెలుసుకుందామని వచ్చానని చెప్పాను. పక్క గదిలోంచి నా భార్య గొంతు వినిపిస్తూనే ఉంది. 

ఆ హాలు నడిపేవాళ్లలో ఒక రిటైరైన నర్సు ఉంది. ఆమె ఉండేది పుంగనూరులోనే. బయటికి వచ్చేటప్పుడు నన్ను ఆపి, ప్రతి గురువారం మధ్యాహ్నం తాను మా ఇంటికి వచ్చి అమ్మ దగ్గర కూర్చుంటానని, ఆ కాసేపూ నన్ను పడుకోమని చెప్పింది. చేరినవాళ్లకు వీళ్లు చేసే సాయం అదేనట. డబ్బు తీసుకోరు.

మొదటి గురువారం ఆమె గడపలో అడుగు పెట్టగానే నా భార్య ఎదురు పోయింది. “రామ్మా, ఎండలో వస్తివి, కూర్చో” అని చేయి పట్టుకుని ఊయల బల్ల మీద కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్ల కిందటి గొంతు అది. నేను వంటింట్లోకి పోయి కాఫీ పెట్టాను, ఉప్మా చేశాను. నర్సమ్మ లోపలికి తొంగి చూసి, పోయి పండుకోప్పా అంది. ఇంటికొచ్చిన ఆడమనిషిని కూర్చోబెట్టి నేను పోయి పడుకోవడం ఎక్కడి మర్యాద? ఆమె లేచి నా భార్యకు తల దువ్వబోతే దువ్వెన అందుకుని నేనే దువ్వాను.

అట్లా వారం వారం గడిచింది. గురువారానికని బుధవారమే పప్పు నానబెట్టేవాణ్ని. తెల్లవారకముందే లేచి నడిల్లు కడిగేవాణ్ని. వారంలో అన్నిటికంటే బరువైన రోజు అదే అయింది. నా భార్య మాత్రం ఆ కాసేపు దీపంలా ఉండేది. ఒకరోజు నర్సమ్మ వడ తుంచుతూ అంది: “నేను మీకు తోడుకని వస్తాంటే, మీరు నాకు పెండ్లి మర్యాదలు చేస్తాండారప్పా. ఈ ఇంటికొచ్చి మీ అలుపు తగ్గల్యా, నా ఒళ్లు పెరిగె.” నేను ఇంకో వడ వేశాను.

ఆ తరవాత హాలు నడిపేవాళ్లు మదనపల్లెలో పగటి కేంద్రం ఒకటి తెరుస్తున్నామన్నారు. పొద్దున వ్యాన్ వచ్చి తీసుకుపోతుంది, సాయంత్రం దింపుతుంది. కొద్దిమందికే చోటు. నర్సమ్మ మా ఇంటి సంగతి వాళ్లకు చెప్పింది. ఆ చోటు దొరికితే నేను పగలు పడుకోగలను. నాకు కావలసింది అంతకు మించి ఏమీ లేదు. ఇద్దరు వచ్చి ఇల్లు చూసి నిర్ణయిస్తారని చెప్పి ఆమె ఒక మాట హెచ్చరించింది: “ఆ పొద్దు ఇల్లు కడగొద్దు. చీర మార్చొద్దు. ఉండేది ఉండేట్టు సూపించప్పా.”

కానీ ఇంటికి ఇద్దరు మనుషులు వస్తున్నారు.

ఇల్లు కడిగాను. పెట్టెలోంచి పట్టుచీర తీశాను. కట్టడానికి పొద్దెక్కేదాకా పట్టింది. నా ముంజేతి మీద పంటి గాట్లు పడితే చొక్కా చేతులు దించి గుండీ పెట్టుకున్నాను. వచ్చిన ఇద్దరినీ ఆమె ఊయల బల్ల మీద కూర్చోబెట్టింది. వాళ్లలో చిన్నామె, ఈ రోజు ఏ వారమమ్మా అని అడిగింది.

నా భార్య నవ్వింది. “కచేరీకి పోయేవాళ్లకు వారాలమ్మా. వండిపెట్టే దానికి ఏం వారం? మీరు భోంచేసి పోతే ఈ పొద్దే ఆదివారం.”

వాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. నాకూ గర్వంగానే అనిపించింది. భోజనాల దగ్గర పెద్దామె నన్ను అడిగింది, రాత్రి నిద్రపోతారా, బట్టలు పాడుచేసుకుంటారా, కొట్టడం లాంటివి ఉన్నాయా అని. ఇంటి ఇల్లాలి సంగతి, ఆమె ఎదురుగా, ఆమె వడ్డించిన చోట కూర్చుని నేనెలా చెప్పను? పెద్ద ఇబ్బంది ఏమీ లేదన్నాను. వాళ్లు భోంచేసి, తాంబూలం తీసుకుని వెళ్లారు.

వాకిలి దాకా సాగనంపి వెనక్కి వచ్చాను. ఆమె నడింట్లో నిలబడి నా కేసి చూసింది. కొంగు సర్దుకుని మర్యాదగా అడిగింది.

“మీరింకా పోల్యాప్పా? పొద్దు పోతాండాది. మీ ఇంట్లో ఎదురు సూస్తాంటారు.”

వారం తరవాత ఫోన్ వచ్చింది. చోటు బైరెడ్డిపల్లె వాళ్లకు ఇచ్చారట. ఆ ఇంట్లో ముసలాయనను ఎత్తి ఎత్తి కోడలి నడుము పడిపోయిందట. మదనపల్లె పోయి, ఆ గుండ్రంలో నిలబడి, ఈసారి ఉన్నదంతా చెప్పాను. చొక్కా చేయి మడిచి చూపించాను. టమాటా వ్యాపారి లేచి నాకు కుర్చీ జరిపాడు. పెద్దామె అంతా విని, ఇప్పుడు ఏం చేయలేమని, ఖాళీ వస్తే తప్పకుండా పిలుస్తామని అంది. ఖాళీ ఎలా వస్తుందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. నర్సమ్మకు గురువారాలు వేరే ఇల్లు చూపించారు. అడిగితే పాపం ఆమె తల దించుకుని, ఆ ఇంట్లో నీళ్లిచ్చే మనిషి కూడా లేదప్పా అంది.

చివరికి నా భార్యను కుప్పం తీసుకుపోయాను. ఒక నెల ఉంచుకోమని మా బావమరిదిని అడగాలని. అక్కడ ఆమె మరదలికి పోపు ఎలా వేయాలో చెప్పింది, పిల్లలకు దిష్టి తీసింది. బావమరిది నన్ను పక్కకు తీసుకుపోయి, “అక్క బంగారంగా ఉండాది బావా. యాల ఊరికే దిగులుపడతావు?” అన్నాడు. అడగాలనుకున్నది అడగలేదు. తిరుగు బస్సు పలమనేరు చేరకముందే ఆమె నా చొక్కా పట్టి లాగుతూ, కుప్పం ఎప్పుడు పోదామని మొదలుపెట్టింది.

ఇప్పుడు రామసముద్రం వైపు నుంచి ఒకామె పగలు వచ్చి ఉంటోంది. కూలికి. మొదటి రోజు నా భార్య ఆమె చేయి పట్టుకుని నడింట్లోకి తీసుకొచ్చి, కూర్చోబెట్టే చోటు కోసం అటూ ఇటూ చూసింది. దూలానికి కొక్కేలు మాత్రం ఉన్నాయి. ఊయల బల్లను, దాని నాలుగు ఇత్తడి గొలుసులతో సహా, అంతకు ముందు వారం మదనపల్లెలో పాత సామాన్లు కొనే ఆయనకు అమ్మాను.