ఇద్దరు అహ్ మోయ్‌లు

సింగపూర్ పుంగ్గోల్‌లో మా బ్లాకులోనే తొమ్మిదో అంతస్తులో ఉంటుంది ఉమ. ఆరేళ్ల పరిచయం మాది. ఈ సంగతి నాతో చెప్పడానికి మాత్రం ఆమెకు ఏడాదిన్నర పట్టింది. ఒక శనివారం పొద్దున ఇద్దరం మార్కెట్ నుంచి తిరిగి వస్తూ బ్లాకు కింద రాతి బల్ల దగ్గర ఆగాం. సంచులు బల్ల మీద పెట్టి కూర్చుంది. కూర్చున్నాక ఇక ఆపకుండా చెప్పింది.

ఉమది అనంతపురం. అక్కడే ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో మూడేళ్లు ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక భర్త నిశాంత్‌తో సింగపూర్ వచ్చింది. నిశాంత్ బ్యాంకులో పనిచేస్తాడు. కూతురు కావ్యశ్రీ పుట్టాక ఏడేళ్లు ఇంట్లోనే గడిచిపోయాయి. మళ్లీ పనిలోకి పోదామనుకునేసరికి ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఆ ఏడేళ్ల ఖాళీ చూసి చాలా కంపెనీలు ఫోన్ కూడా చేయలేదు. చివరికి టోవా పాయోలో ఒక చిన్న కంపెనీ తీసుకుంది. మొత్తం పద్నాలుగు మంది. వృద్ధులకు, రోగులకు సేవ చేసే సంస్థలకు సాఫ్ట్‌వేర్ తయారు చేయడం వాళ్ల పని. యజమాని శ్రీనాథ్ మన గుంటూరు మనిషే.

ఉమకు అన్నీ సర్ది ఉండాలి. వాళ్ల వంటింట్లో ఒకే రకం పప్పు రెండు డబ్బాల్లో ఉండగా నేనెప్పుడూ చూడలేదు. శ్రీనాథ్ అది ఆఫీసులోనూ గమనించాడేమో, పాత జాబితాలను శుభ్రం చేసి కొత్త సిస్టంలోకి ఎక్కించే పని ఆమెకే అప్పజెప్పాడు. నాలుగేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదు. "మన పని ఎవరికో ఒకరికి పనికొస్తాంది అక్కా. బ్యాంకులో నిశాంత్‌కి ఆ తృప్తి లేదు" అనేది నాతో, నవ్వుతూ.

అప్పుడు వచ్చింది ఆ భోజనాల పని. ప్రభుత్వ అద్దె ఫ్లాట్లలో ఒంటరిగా ఉండే వృద్ధులకు రోజూ మధ్యాహ్నం భోజనం అందించే సేవాసంస్థ ఒకటుంది. ఎవరికి ఎక్కడ ఇవ్వాలో నోటుపుస్తకాల్లో కొంత, నాలుగు ఎక్సెల్ ఫైళ్లలో కొంత ఉండేది. మిగిలింది వాలంటీర్ల బుర్రల్లో ఉండేది. అదంతా ఒకే చోటికి తెచ్చి, వాలంటీర్ ఫోన్‌లోనే ఆ రోజు కొట్టాల్సిన తలుపుల వరుస కనిపించేలా చేయాలి. ఎవరైనా తలుపు తీయకపోతే ఒక బటన్ నొక్కితే చాలు, వెంటనే ఆఫీసుకు తెలుస్తుంది. ఆ బటన్ ఆలోచన ఉమదే.

వాలంటీర్లకు నేర్పడానికి ఒకరోజు అందరినీ పిలిచారు. వాళ్లలో తారాదేవి అని డెబ్భై ఏళ్లావిడ ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. వాళ్ల తాత విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చాడట. ఆమె తెలుగులో సగం తమిళం, మలయ్ కలిసి ఉంటాయి. ఉమ చెప్పిందంతా విని చివర్లో అడిగింది.

"ఏమ్మా, ఒకే పేరు రెండుసార్లు వస్తే ఏం చేస్తారు?"

"అవి కలిపేస్తాం ఆంటీ. పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు చూసి సిస్టమే కనిపెడుతుంది."

"కలిపే ముందు ఆ లిస్టు నాకు ఒకసారి చూపించు. పద్దెనిమిదేళ్లుగా ఆ తలుపులు నేనే కొడుతున్నా."

"అట్లే ఆంటీ, చూపిస్తా" అంది ఉమ. అబద్ధమేమీ కాదు, నిజంగానే చూపిద్దామనుకుంది.

కానీ ఆ గురువారమే తారాదేవికి కంటి శుక్లం ఆపరేషన్. సోమవారం నుంచి కొత్త సిస్టం మొదలుపెట్టాలి. శుక్రవారం మధ్యాహ్నం ఉమ ముందు నలభై మూడు జతల పేర్లున్నాయి. రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో సిస్టం నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. తొంభై దాటితే ఒకే మనిషి అని ఉమే పెట్టింది. అయినా ఊరికే వదలకుండా ప్రతి జతనూ కళ్లతో చూసింది.

వాటిలో ఒకటి టాన్ అహ్ మోయ్. ఆ తరం చైనా ఆడవాళ్లలో అహ్ మోయ్‌లు చాలామంది ఉంటారు. రెండు చోట్లా పుట్టిన తేదీ జనవరి ఒకటి, పంతొమ్మిది వందల నలభై రెండు. తేదీ తెలియని వాళ్లకు ఆ రోజుల్లో జనవరి ఒకటే రాసేవారు. ఒకే బ్లాకు, ఒకే ఏడో అంతస్తు. ఒకచోట ఇంటి నంబరు 112, ఇంకోచోట 121. రెండో దాని కింద ఎవరో ఈ మధ్యనే 'ఉప్పు తక్కువ' అని రాశారు.

"చూసినా అక్కా" అంది ఉమ నాతో. "తెలీక పోయింటే వేరే మాట. నంబరు వేరేగా ఉండేది చూసినా. టైప్ చేసినోళ్లు అంకెలు తారుమారు చేసుంటారులే అనుకున్నా. ఆ సంస్థకి ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది. నాలుగు గంటలకి కావ్యకి పియానో క్లాసు ఉండె. కలిపెయ్యమని నొక్కేసినా."

సోమవారం అంతా సాఫీగా సాగింది. ఎక్కువ తక్కువల్లేకుండా భోజనాలు సరిపోయాయి. శ్రీనాథ్ ఆఫీసులో అందరిముందు ఉమను మెచ్చుకున్నాడు. సంస్థ వాళ్లు కేకు పంపారు.

సరిగ్గా పదో రోజున తారాదేవి కంటికి నల్లద్దాలు పెట్టుకుని మళ్లీ పనిలోకి వచ్చింది. ఏడో అంతస్తులో 112 తలుపు కొట్టగానే లోపలి అహ్ మోయ్ గొడవకు దిగింది. వారం పైనుంచి చప్పిడి కూర తినలేక చస్తున్నాననీ, తన భోజనంలో ఉప్పు తీసేయమన్నది ఎవరనీ అరిచింది. ఉప్పు తక్కువ కావాలన్నది 121లో ఉండే అహ్ మోయ్ కదా అనుకుంటూ తారాదేవి ఫోన్ చూసింది. 121 అందులో లేదు, ఆమె 'ఉప్పు తక్కువ' మాట మాత్రం 112 కింద చేరి ఉంది. ఈ తొమ్మిది రోజులూ కొత్త వాలంటీర్లు ఫోన్ చూపించిన తలుపులే కొట్టారు. చూపించని తలుపు దగ్గర ఎవరూ ఆగలేదు. వరుసలో లేని మనిషి తలుపు తీసిందో లేదో చెప్పే బటన్ కూడా లేదు.

తారాదేవి నడవా చివరిదాకా వెళ్లి తలుపు కొట్టింది. చాలాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడయింది. అహ్ మోయ్ గోడ పట్టుకుని నిలబడి ఉంది. కాళ్లు వాచిపోయాయి. బల్ల మీద బిస్కెట్ల డబ్బా, కాఫీ గ్లాసు తప్ప ఏమీ లేవు. మొదటి రెండు రోజులూ ఎలాగో కిందికి దిగి జావ కొనుక్కుందట. మూడో రోజు నుంచి మోకాళ్లు సహకరించలేదు. అప్పట్నుంచీ కాఫీలో ముంచిన బిస్కెట్లే. షుగర్ ఉన్న మనిషి. తారాదేవి అంబులెన్సును పిలిచి, ఆసుపత్రి నుంచే ఉమకు ఫోన్ చేసింది.

"ఏమ్మా, నూట ఇరవై ఒకటిలో పాటి, ఆ ముసలమ్మ పేరు నా ఫోన్‌లో కాణోం, కనపడటమే లేదు. ఎక్కడ పోయింది?"

ఉమకు అర్థం కావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. శుక్రవారం మధ్యాహ్నం చూసిన ఆ రెండు నంబర్లు కళ్లముందు నిలబడ్డాయట. "నేనే ఆంటీ" అని మాత్రం అనగలిగింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లింది. అహ్ మోయ్ చాలా సన్నటి మనిషి. మంచం మీద దుప్పటి కింద ఎవరూ లేనట్టే ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. తారాదేవితో బజారు మలయ్‌లో మాట్లాడుతుంది. ఉమను చూసి ఎవరని అడిగినట్టుంది, తారాదేవి ఏదో చెప్పింది. వెంటనే ముసలావిడ ఉమ చేయి పట్టుకుని, తల వంచి, గబగబా మాట్లాడడం మొదలుపెట్టింది.

"ఏమంటాంది ఆంటీ?"

తారాదేవి ముసలావిడ మాట పూర్తిగా విని ఉమ వైపు తిరిగింది.

"నీకు సారీ చెప్తోందమ్మా."

"నాకా?"

"లిస్టు రాసే అమ్మాయి అని చెప్పాను నీ గురించి. పోయిన నెల కూర మాసిన్ అని ఎవరితోనో అనిందంట, ఉప్పు ఎక్కువ అని. అందుకని మీకు కోపం వచ్చి భోజనం ఆపేశారు అనుకునింది. ఇకమీద ఉప్పు ఎంత ఉన్నా తింటుందంట. ఏమీ అనదంట."

"కాదని చెప్పండి ఆంటీ. ఆమె ఏమీ చేయలేదని చెప్పండి. తప్పు నాదని చెప్పండి."

తారాదేవి చెప్పింది. పేరు ఒకటే కావడంతో ఇద్దరినీ ఒక్కరనుకున్నారని చెప్పింది. అహ్ మోయ్ పళ్లు లేని నోటితో నవ్వింది.

"ఆవిడ ఎంత లావు, నేనెంత సన్నం, చూస్తే తెలీదా అంటోంది" అంది తారాదేవి.

ఉమ ఇద్దరిలో ఎవర్నీ అంతకు ముందు చూడలేదు.

ఆఫీసుకు వెళ్లి జరిగిందంతా తనే రాసి శ్రీనాథ్‌కి ఇచ్చింది. అతను చదివి, ఆమె పేరున్న వాక్యం కొట్టేశాడు. "ఇది ఒక్కళ్ల తప్పు కాదండీ ఉమగారూ. పద్ధతిలో లోపం. అలాగే రాద్దాం" అన్నాడు. మంచివాడే, ఆమెను కాపాడాలనే అన్నాడు. పేరు ఉంచమని రెండుసార్లు అడిగింది, ఒప్పుకోలేదు. ఆ తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు ఏ రెండు పేర్లు కలపాలన్నా ఆ తలుపు కొట్టే మనిషి సరేననాలి. తారాదేవి ఆ మార్పు చూసి ఉమను ఒక్క మాట కూడా దెప్పలేదు. "నన్ను అడిగుంటే ఒక్క నిమిషం పని కదమ్మా" అని మాత్రం ఒకసారి మెల్లగా అంది. ఆ మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంటుందట.

ఇంట్లో నిశాంత్ ఓదార్చాడు. కావ్యశ్రీ అయితే "You said sorry already, Amma. She's not even angry lah" అంది. కోపం లేకపోవడమే తట్టుకోలేకపోతున్నానని పన్నెండేళ్ల పిల్లకు ఎలా చెప్పాలో ఉమకు తెలియలేదు.

అహ్ మోయ్ మళ్లీ నడవలేదు. మూడు వారాల తర్వాత ఆసుపత్రి నుంచి బూన్ లే దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌కి పంపారు. అద్దె ఫ్లాటు తిరిగి అప్పగించేశారు. ఉమ రెండు రైళ్లు మారి ఆదివారాలు వెళ్లేది. తారాదేవి తోడు రాలేని రోజున మాటలుండవు. బొప్పాయి ముక్కలు తినిపించి, పక్కన కూర్చుని వచ్చేది. ఇంటికి ఎప్పుడు పంపుతారని అహ్ మోయ్ అడుగుతోందని మూడోసారి వెళ్లినప్పుడు తారాదేవి చెప్పింది. తర్వాత రెండు ఆదివారాలు ఉమ వెళ్లలేదు. పని ఉందని నిశాంత్‌తో చెప్పింది. పనేమీ లేదు. మళ్లీ ఆ ప్రశ్న వినాల్సి వస్తుందని భయం.

తర్వాత వచ్చిన మార్చిలో అహ్ మోయ్ న్యుమోనియాతో పోయింది. వయసు, షుగర్ అన్నారు డాక్టర్లు. ఆ తొమ్మిది రోజుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

పాత బ్లాకు కిందే సంస్థ వాళ్లు గుడారం వేసి కర్మకాండ జరిపించారు. పదిమందికి మించి లేరు. 112లో ఉండే అహ్ మోయ్ వీల్‌చెయిర్‌లో వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఉమ చివరి కుర్చీలో కూర్చుంది. వేరుశెనగలు, నీళ్ల సీసా తెచ్చి ఇచ్చిన ఒక పెద్దాయన మర్యాదగా ఇంగ్లీషులో అడిగాడు, ఆమె మీకెలా తెలుసని.

"భోజనాలు తెచ్చిచ్చేదాన్ని అని చెప్పినా అక్కా" అంది ఉమ.

ఆయన చాలా సంతోషించాడట. మీలాంటి వాళ్లుండబట్టే ఆమె ఇన్నాళ్లు బతికిందని రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాడట. ఉమ ఆ చేతులు విడిపించుకోలేదు, నిజమూ చెప్పలేదు.